పట్టిన కండరం ఎందుకు వదలదు: దీర్ఘకాలిక నొప్పి, చికిత్సలు, వాటి పరిధి

సంక్షిప్తంగా

కండరాలు పట్టేసి నెలల తరబడి వదలని నొప్పికి సడలింపు బిళ్ళలు, మర్దన, కాపడం, విశ్రాంతి ఒకదాని తర్వాత ఒకటి వాడడం మామూలు. అయితే ‘పట్టేయడం’ అనే ఒకే మాట కింద వేర్వేరు చోట్ల పుట్టే వేర్వేరు స్థితులు ఉన్నాయి. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయదు. సడలింపు బిళ్ళల్లో చాలావరకు కండరం జోలికే పోవు, మెదడు మీద, వెన్నుపాము మీద పనిచేస్తాయి. మూడు నెలలు దాటిన నొప్పిలో బిగుతుతో పాటు నాడీవ్యవస్థలో వచ్చిన మార్పులు కూడా నొప్పిని నిలబెడతాయి కనుక, చికిత్స ఎంపిక బిగుతు ఎంత ఉందన్న దాని కన్నా ఎక్కడి నుంచి వస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఒకే మాట కింద నాలుగు స్థితులు

మెడ పట్టేసింది, నడుము పట్టేసింది, పిక్క పట్టేసింది అని మూడు చోట్లా ఒకే మాట వాడుకలో ఉంది. వైద్యుడి దగ్గర రోగి చెప్పేదీ ఇదే, మందుల చీటీ మీద చాలాసార్లు కనిపించేదీ ఇదే. కానీ ఈ మాట కింద ఉన్న స్థితులు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు కూడా కావు.

నిద్రలో పిక్క పట్టేయడం వీటిలో అందరికీ తెలిసినది. క్షణాల్లో కండరం రాయిలా గట్టిపడి, చర్మం కింద గడ్డ లేచినట్టు కంటికే కనిపిస్తుంది. పాదాన్ని చేత్తో పట్టుకుని వేళ్ళను మోకాలి వైపుకు లాగితే నిమిషం లోపో, రెండు మూడు నిమిషాల్లోనో వదులుతుంది. ఆ సమయంలో కండరంలో సూది ఎలక్ట్రోడ్ పెట్టి చూస్తే తెర మీద విద్యుత్ సంకేతాలు జోరుగా పరుగెత్తుతుంటాయి. కండరాన్ని కదిలించే నాడి (చాలక నాడి) అదుపు తప్పి కండరానికి ఆదేశాలు కురిపిస్తోందని దాని అర్థం. మర్నాడంతా పిక్క సలిపినా, ఇది నెలల తరబడి నిలిచే నొప్పికి సాధారణంగా కారణం కాదు.

రెండోది కాపలా బిగుతు. వెన్నులో ఒక కీలు వాచినా, డిస్కు నరాన్ని ఒత్తినా, చుట్టూ ఉన్న కండరాలు ఆ భాగాన్ని కదలనీయకుండా పట్టి ఉంచుతాయి. మనిషి ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు, కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం తీసుకుంటాడు. ఇక్కడ కండరం దోషి కాదు, కాపలాదారు.

మూడోది మెదడు లేదా వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు వచ్చే బిగుతు. పక్షవాతం, సెరిబ్రల్ పాల్సీ, మల్టిపుల్ స్క్లెరోసిస్, వెన్నుపాము గాయాల తర్వాత పైనుంచి రావలసిన అదుపు తగ్గి, కండరాన్ని సాగదీసిన ప్రతిసారీ అది ఎదురు తిరుగుతుంది. ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా ఎదురు తిరగడం దీని గుర్తు. 1980లో జేమ్స్ లాన్స్ ఇచ్చిన నిర్వచనానికి కేంద్రం ఈ వేగమే. డిస్టోనియా కూడా మెదడు నుంచి వచ్చేదే. అందులో ఒకదానికొకటి ఎదురుగా పనిచేయవలసిన కండరాలు ఒకేసారి లాగడం వల్ల మెడ ఒక పక్కకు తిరిగిపోయి అలాగే నిలబడుతుంది.

నాలుగోది అన్నిటికన్నా ఎక్కువ మందిలో కనిపించేది, అన్నిటికన్నా తక్కువ అర్థమైనది. భుజం మీద, మెడ వెనుక, నడుము పక్కన వేలితో నొక్కితే తాడులా తగిలే బిగువు ఇది. తాకితే ప్రాణం పోయినట్టుంటుంది. అయితే ఆ కండరాన్ని పూర్తిగా వదులుగా ఉంచి విద్యుత్ పరీక్ష చేస్తే, చాలా సందర్భాల్లో తెర మీద గీత చదునుగానే ఉంటుంది. నాడి నుంచి ఆదేశం ఏదీ రావడం లేదు, అయినా బిగుతు ఉంది. డేవిడ్ సైమన్స్, జీగ్‌ఫ్రీడ్ మెన్స్ 1998లో కండరాల బిగుతును చర్చిస్తూ, విద్యుత్ సంకేతాలున్న బిగుతును, అవి లేని బిగుతును వేరుచేసి చూడాలని చెప్పడానికి కారణం ఇదే. ఈ తేడా కేవలం పేర్ల గొడవ కాదు. నాడి ఆదేశాన్ని ఆపే మందు, ఆదేశమే లేని చోట ఏం చేయగలదన్నది అసలు ప్రశ్న.

వదలడానికీ శక్తి కావాలి

కండరం బిగుసుకోవడానికి శక్తి ఖర్చవుతుందని, వదలడం దానంతటదే జరుగుతుందని అనిపిస్తుంది. వాస్తవం ఇంకో విధంగా ఉంది. నాడి చివర అసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనం విడుదలై కండర కణాన్ని తాకగానే లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికి వస్తుంది; దాంతో మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను పట్టుకుని లాగుతాయి. ఆ పట్టు విడవాలంటే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు వచ్చి మయోసిన్‌కు అంటుకోవాలి, కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడడానికీ ఏటీపీ కావాలి. మరణం తర్వాత కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడం ఈ సూత్రానికి తిరుగులేని నిదర్శనం: ఏటీపీ అయిపోయింది కనుక పట్టు వదిలించేది లేదు.

బతికి ఉన్న కండరంలో ఏటీపీ పూర్తిగా అయిపోదు. కానీ నిలకడగా బిగిసి ఉన్న కండరం తన లోపలి సన్నని రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. చేతిని పక్కకు భుజం ఎత్తున చాచి కదలకుండా నిలబెడితే ఇది తెలుస్తుంది. మొదట ఏమీ ఉండదు, తర్వాత బరువు, ఆ పైన మంట. చేయి దించగానే రక్తం పారి మంట చల్లారుతుంది. అదే చేతిని అంతసేపూ పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే ఆ మంట ఇంత త్వరగా రాదు. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్, ఆయన సహచరులు 1931లో చేతికి రక్తప్రసరణ ఆపి పిడికిలి బిగించమన్నప్పుడు నొప్పి వేగంగా పెరిగిందని, బిగించడం ఆపినా ప్రసరణ తిరిగి మొదలయ్యేదాకా అది తగ్గలేదని గమనించారు. కండరంలో పేరుకునే రసాయనమేదో నొప్పి నాడులను రేపుతోందన్న నిర్ధారణకు దారి అక్కడ పడింది.

రోజంతా తెర ముందు కూర్చునే వారి భుజాల్లో జరిగేదానికి దీనితో సంబంధం ఉంది. కండరంలోని పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. చిన్నపాటి పనికి చిన్న పోగుల గుంపులు ముందు లేస్తాయి, పని పూర్తయ్యాక అన్నిటికన్నా చివర విశ్రమిస్తాయి. భుజాలు చెవుల వైపు ఒక అంగుళం లేచి ఉన్నంత మాత్రాన అలసట తెలియకపోవచ్చు గాని, ఆ చిన్న గుంపులకు మాత్రం గంటల తరబడి సెలవు లేదు. 1991లో స్వీడన్ పరిశోధకుడు యోరన్ హెగ్ దీనికి సిండ్రెల్లా పరికల్పన అని పేరు పెట్టారు. అందరికన్నా ముందు లేచి అందరికన్నా చివర పడుకునే పిల్ల కథ అది. పని తేలికైనదే అయినా నొప్పి ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటైన సమాధానం అరుదు.

నొప్పి, బిగుతు: ఏది ముందు

నొప్పి వల్ల కండరం బిగుస్తుంది, బిగిసినందువల్ల నొప్పి పెరుగుతుంది, అది మళ్ళీ బిగిస్తుంది. ఈ వలయాన్ని 1942లో జానెట్ ట్రావెల్, ఆమె సహచరులు వివరించారు. వినగానే నమ్మబుద్ధి వేసే వివరణ కనుక ఎనభై ఏళ్ళుగా అదే వైద్యుల నోటా, రోగుల నోటా వినిపిస్తోంది. బిగుతును ఎక్కడ తెంచినా వలయం మొత్తం తెగిపోతుందన్న భరోసా ఇందులో ఉంది; సడలింపు బిళ్ళల వాడకం నిలబడింది ఈ భరోసా మీదే.

ప్రయోగాలు మాత్రం దీన్ని పూర్తిగా బలపరచలేదు. కండరంలోకి గాఢమైన ఉప్పు ద్రావణం ఎక్కించి తాత్కాలికంగా నొప్పి పుట్టించినప్పుడు, విశ్రాంతిలో ఉన్న ఆ కండరంలో నిలకడైన బిగుతు సాధారణంగా కనిపించలేదు. పైగా బలంగా బిగించమంటే ముందటి కన్నా తక్కువ బలమే వచ్చింది. 1991లో జేమ్స్ లండ్ బృందం దీనికి వేరే వివరణ ఇచ్చింది: నొప్పి ఉన్నప్పుడు నాడీవ్యవస్థ ఆ కదలికను చేసే కండరాన్ని తగ్గించి, దానికి ఎదురు కండరాన్ని పెంచి, కదలిక వేగాన్నీ పరిధినీ కుదిస్తుంది. 2011లో పాల్ హాడ్జెస్, కైలీ టకర్ ఇంకో అడుగు ముందుకు వేసి, నొప్పి వచ్చినప్పుడు కండరాల మధ్యనే కాక ఒకే కండరం లోపల కూడా పని పంపిణీ మారిపోతుందని, ఈ మార్పు వ్యక్తికొక తీరుగా ఉంటుందని ప్రతిపాదించారు.

నొప్పి తగ్గిన తర్వాత కూడా ఈ కొత్త పంపిణీ పాత స్థితికి రాకపోవచ్చు. నడుము నొప్పి తగ్గి నెలలైనా వంగేటప్పుడు ఊపిరి బిగబట్టి, వెన్నును కర్రలా నిటారుగా ఉంచే వ్యక్తిలో కనిపించేది అదే. కాపలాదారుకు డ్యూటీ దిగమని ఎవరూ చెప్పలేదు. ఆ అలవాటు వల్ల కండరాల మీద కొత్త భారం పడి, కొత్త నొప్పి పుడుతుంది. దీన్ని బిళ్ళతో మార్చలేం, కదలికతోనే మార్చాలి.

ముడుల మీద వివాదం

ట్రావెల్ పేరు వలయంతో ఆగలేదు. 1961లో జాన్ కెనెడీకి వైట్‌హౌస్ వ్యక్తిగత వైద్యురాలైన ఆమె, ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. కెనెడీ నడుము నొప్పికి కండరాల్లో సూది మందు ఇచ్చి ఉపశమనం కలిగించడం అంతకు ముందే ఆమెకు పేరు తెచ్చింది. నొక్కితే నొప్పి దూరానికి పాకే కండర ముడిని సూచించే ‘ట్రిగర్ పాయింట్’ అన్న మాటకు ప్రచారం తెచ్చినది ఆమె. 1983లో సైమన్స్‌తో కలిసి రాసిన గ్రంథం నేటికీ ఫిజియోథెరపిస్టుల చేతుల్లో ఉంది.

మెడకూ భుజానికీ మధ్య ఉండే ట్రపీజియస్ కండరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అడ్డంగా దొర్లిస్తే, కొందరిలో పెన్సిలంత మందం తీగ ఒకటి జారుతుంది. దాని మీద ఒక చోట నొక్కగానే నొప్పి అక్కడ ఆగకుండా మెడ పక్క నుంచి కణత దాకా పాకుతుంది; ఒక్కోసారి తీగ మొత్తం చేప తోక కొట్టుకున్నట్టు ఎగిరిపడుతుంది. తలనొప్పి అని తిరుగుతున్న వ్యక్తికి భుజం నొక్కితే అదే తలనొప్పి రావడం ఈ పరీక్షలో కనిపించే విశేషం.

సైమన్స్ వివరణ ప్రకారం, నాడి చివర అసిటైల్‌కోలిన్ అవసరానికి మించి కారుతూ ఉండడం వల్ల చిన్న ప్రాంతంలో పోగులు బిగుసుకుంటాయి. అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది, ఏటీపీ చాలదు, పట్టు వదలదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో జే షా బృందం 2005లో సన్నని సూదితో ఆ ప్రాంతపు ద్రవాన్ని సేకరించి చూస్తే ఆమ్లత ఎక్కువగా, బ్రాడికైనిన్, సబ్‌స్టెన్స్ పి వంటి నొప్పి రసాయనాలు అధికంగా కనిపించాయి. ఇది వివరణకు బలం.

అయితే ఒకే రోగిని ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించినప్పుడు ముడి ఎక్కడుందన్న దాని మీద వారి మాట తరచుగా కలవదు. జాన్ క్వింట్‌నర్, మిల్టన్ కోహెన్ వంటి విమర్శకులు అసలీ సిద్ధాంతమే నిలబడదని, నొప్పి నాడుల సున్నితత్వాన్ని కండరానికి అంటగడుతున్నారని వాదించారు. ప్రస్తుతానికి చెప్పగలిగింది ఇది: నొక్కితే వచ్చే నొప్పి నిజం, దాని వ్యాప్తి నిజం, అక్కడ ముడి ఉందా, ఉంటే అది కారణమా, ఫలితమా అన్నది తేలలేదు. ముడిని ‘పగలగొట్టాలి’ అంటూ నల్లగా కమిలేదాకా నొక్కే పద్ధతికి ఈ శాస్త్రంలో ఆధారమేమీ లేదు.

నొప్పి నాడీవ్యవస్థలో పాతుకున్నాక

నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలికం అంటారు. ఆ గీత కొంతవరకు సౌలభ్యం కోసం గీసినదే గాని, దాని వెనుక జీవశాస్త్రం ఉంది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాల స్పందనే పెరిగిపోతుందని చూపారు. కండరం నుంచి నిరంతరంగా వచ్చే నొప్పి సంకేతాలకు ఈ మార్పు తెచ్చే శక్తి చర్మం నుంచి వచ్చే వాటి కన్నా ఎక్కువని తర్వాతి పరిశోధనలు సూచించాయి. అప్పటి నుంచి మామూలు స్పర్శ కూడా నొప్పిగా తోస్తుంది, నొప్పి మొదట ఉన్న చోటు దాటి పాకుతుంది, నిద్ర చెడితే మర్నాటికి రెట్టింపవుతుంది. కణజాలంలో గాయం గానీ, నాడికి దెబ్బ గానీ స్పష్టంగా కనిపించకుండా నొప్పి వ్యవస్థ పనితీరే మారడాన్ని సూచించడానికి 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ‘నోసిప్లాస్టిక్’ అన్న కొత్త మాటను చేర్చింది. నొప్పి ఊహ అని దీని అర్థం కాదు. సంకేతాన్ని పెంచి చూపే యంత్రాంగం చెడిందని అర్థం.

ఇక్కడ స్కానింగులు తరచుగా దారి తప్పిస్తాయి. నొప్పి ఏమాత్రం లేని వ్యక్తుల వెన్ను చిత్రాలను పరిశీలించిన 2015 నాటి సమీక్షలో, డిస్కు అరుగుదల 20 ఏళ్ళ వారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ళ వారిలో 96 శాతం మందికి కనిపించింది. కండరాల నొప్పితో వచ్చిన వ్యక్తికి స్కాన్‌లో అరుగుదల చూపించి అదే కారణమంటే, ఆ రోజు నుంచి అతను వంగడానికి భయపడతాడు. భయం కాపలా బిగుతును పెంచుతుంది.

బిళ్ళలు నిజంగా ఎక్కడ పనిచేస్తాయి

‘కండర సడలింపు మందు’ అన్న పేరే కొంత మోసపూరితం. ఈ వర్గంలో నేరుగా కండరంలో పనిచేసేది డాంట్రోలిన్. అది కాల్షియం సంచుల తలుపును మూస్తుంది. బలహీనత, కాలేయానికి హాని దాని వెంట ఉంటాయి కనుక, మెదడు, వెన్నుపాము దెబ్బల వల్ల వచ్చే బిగుతుకు, మత్తుమందుల వల్ల అరుదుగా వచ్చే ప్రాణాంతక జ్వరానికి తప్ప వాడరు. మిగిలినవన్నీ కేంద్ర నాడీవ్యవస్థ మందులే. బాక్లోఫెన్ వెన్నుపాములో గాబా (నాడులను శాంతపరిచే రసాయనం) పనిచేసే గాబా-బి గ్రాహకాల ద్వారా చాలక నాడుల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. 1962లో దీన్ని తయారు చేసినది మూర్ఛవ్యాధి కోసం. టిజానిడిన్ ఆల్ఫా-2 గ్రాహకాల మీద పనిచేస్తుంది. సైక్లోబెంజాప్రిన్ నిర్మాణం పాతతరం కుంగుబాటు మందుల నిర్మాణానికి అతి దగ్గర. డయాజెపామ్ మెదడు మీద పనిచేసే మత్తు మందేనని వేరే చెప్పనక్కరలేదు.

ఇవి వేసుకుంటే మత్తుగా ఉండి నిద్ర పడుతుంది, నిద్ర పడితే నొప్పి తగ్గుతుంది. ఆ ఉపశమనంలో కండరం పాత్ర ఎంత, నిద్ర పాత్ర ఎంత అని విడదీయడం కష్టం. నడుము నొప్పిలో ఈ మందుల మీద జరిగిన పరీక్షలను 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. బెంజోడయాజెపైన్లు (డయాజెపామ్ కుటుంబపు మందులు) కాని సడలింపు మందులు మొదటి రెండు వారాల్లో నొప్పిని 100 పాయింట్ల కొలమానం మీద 8 పాయింట్ల లోపే తగ్గించాయి, ఆ ఆధారం కూడా అతి బలహీనమైనదని తేలింది. రోగికి తేడాగా తెలియడానికి అది చాలకపోవచ్చు. నెలల తరబడి వాడితే మేలన్న దానికి నమ్మదగిన ఆధారం అసలే లేదు. సైక్లోబెంజాప్రిన్ వాడకాన్ని రెండు మూడు వారాలకే పరిమితం చేయాలని దాని లేబుల్‌ మీదే ఉంటుంది.

హాని వైపు చూస్తే చిత్రం ఇంకా స్పష్టం. కారిసోప్రొడాల్ శరీరంలో మెప్రోబమేట్ అనే పాత మత్తు మందుగా మారుతుంది, అలవాటు పడే గుణం ఉంది; 2007లో ఐరోపా ఔషధ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తొలగించాలని సిఫారసు చేసింది, అమెరికా 2012లో నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. అడవినాభి గింజల నుంచి వచ్చే పదార్థంతో తయారయ్యే థయోకాల్చికోసైడ్ మీద 2013లో అదే ఐరోపా సంస్థ ఆంక్షలు పెట్టింది. ఆ మందు శరీరంలో విడిపోయి పుట్టే ఒక పదార్థం కణాలలోని క్రోమోజోములకు నష్టం చేయగలదని తేలడంతో, నోటి ద్వారా 7 రోజులకు మించి వాడరాదని, 16 ఏళ్ళ లోపు వారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరాదని, దీర్ఘకాలిక సమస్యలకు వాడరాదని నిర్దేశించింది. నొప్పి నివారణ మందుతో కలిపిన బిళ్ళ రూపంలో ఇది దొరికే చోట, లోపల ఏముందో తెలియకుండానే వారాల తరబడి వేసుకోవడం జరుగుతోంది.

టిజానిడిన్‌తో సిప్రోఫ్లాక్సాసిన్ (ఇన్‌ఫెక్షన్ మందు) లేదా ఫ్లువాక్సమిన్ (కుంగుబాటు మందు) కలిపితే రక్తంలో దాని మోతాదు అనేక రెట్లు పెరిగి రక్తపోటు పడిపోతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు ఒక వైద్యుడు, మెడ నొప్పికి మరో వైద్యుడు రాసిన చీటీలు ఒకే చేతిలో కలిసేది ఇక్కడే. బాక్లోఫెన్‌ను చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపేస్తే భ్రమలు, మూర్ఛలు రావచ్చు, కనుక క్రమంగా తగ్గించాలి.

దీర్ఘకాలిక నొప్పికి మరో రకం మందులున్నాయి. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి కుంగుబాటు మందులుగా పుట్టినా, వెన్నుపాములో నొప్పిని అదిమే మార్గాలను బలపరుస్తాయి. స్పష్టమైన కారణం కనిపించని దీర్ఘకాలిక నొప్పి గురించి బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు పారాసిటమాల్, వాపు తగ్గించే మందులు, ఓపియాయిడ్లు (నల్లమందు తరహా నొప్పి మందులు), బెంజోడయాజెపైన్లు మొదలుపెట్టవద్దని, వ్యాయామం, మానసిక చికిత్సలు, ఆక్యుపంక్చర్, కుంగుబాటు మందులను పరిశీలించాలని చెప్పాయి. తనకు కుంగుబాటు మందు రాశారని తెలిసి చీటీని పక్కన పడేసే రోగికి ఈ వివరణ ముందే ఇస్తే ఫలితం మారుతుంది.

విషం మందయిన చోట

నాడి ఆదేశాన్ని కండరం దగ్గరే ఆపగలిగేది బొటులినమ్ టాక్సిన్ అనే బాక్టీరియా విషం. నాడి చివర అసిటైల్‌కోలిన్ సంచులు బయటికి తెరుచుకోవడానికి కావలసిన ప్రొటీన్‌ను ఇది తెంచేస్తుంది. కంటి వైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నుకు వాడిన దీనికి అమెరికా ఔషధ సంస్థ 1989లో మెల్లకన్ను, కనురెప్పల బిగుతులకు, 2000లో మెడ డిస్టోనియాకు అనుమతి ఇచ్చింది. కొన్ని రోజుల్లో పని మొదలై, కొన్ని వారాల్లో గరిష్ఠానికి చేరి, సుమారు మూడు నెలలకు క్షీణిస్తుంది. నాడి కొత్త చివర్లు వేసుకుని తిరిగి పనిలోకి దిగుతుంది. అందుకే ప్రతి 12 వారాలకో అంతకన్నా ఆలస్యంగానో మళ్ళీ సూది వేయాలి.

మెడ డిస్టోనియాలో, పక్షవాతం తర్వాతి బిగుతులో దీని ప్రయోజనం బాగా నిరూపితమైనది. అవి నాడి ఆదేశంతో నడిచే బిగుతులు కదా. అదే మందును భుజం ముడుల్లోకి ఎక్కించిన పరీక్షల ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగలేదు, మామూలు ఉప్పు నీటి కన్నా మెరుగని గట్టిగా తేలలేదు. ఒకే సూది, ఒకే కండరం, పూర్తిగా వేరు ఫలితం: స్థితుల మధ్య తేడా చూడాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. మెడలో వేసినప్పుడు మింగడం కష్టం కావడం తెలిసిన దుష్ఫలితం. మోతాదు, సూది దిగే చోటు తెలిసిన చేతుల్లోనే ఇది జరగాలి.

ఒళ్ళంతా బిగిసిపోయే తీవ్రమైన స్థితిలో బాక్లోఫెన్‌ను పొట్ట చర్మం కింద అమర్చిన పంపు ద్వారా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపుతారు. 1984లో రిచర్డ్ పెన్, జెఫ్రీ క్రోయిన్ మొదట వివరించిన ఈ పద్ధతిలో నోటి మోతాదులో అతి చిన్న భాగం సరిపోతుంది కనుక మత్తు తక్కువ. పంపు ఆగిపోతే మాత్రం అది అత్యవసర పరిస్థితి.

సూది, చేయి, కాపడం

1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ఒక చిత్రమైన విషయం గమనించారు. ముడుల్లో మందు ఎక్కించినప్పుడు వచ్చే ఉపశమనం, మందు లేని ఖాళీ సూది గుచ్చినా చాలామందిలో వచ్చింది. డ్రై నీడ్లింగ్‌కు పునాది ఆ పరిశీలనే. కొన్ని వారాల వరకు ఉపశమనం ఇస్తుందని పరీక్షలు చూపుతున్నాయి, ఆ తర్వాత తేడా సన్నగిల్లుతుంది. భుజం పైభాగంలో, పక్కటెముకల మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే ప్రమాదం తక్కువే గాని నిజమైనది.

కాపడం సంగతి సులువు. వేడి వల్ల నొప్పి సంకేతాలు కొంత అణగుతాయి, రక్తప్రసరణ పెరుగుతుంది, కొత్తగా వచ్చిన నడుము నొప్పిలో కొద్దిపాటి ఉపశమనం నిరూపితం. మర్దన కూడా అంతే, ఆ గంటా ఆ రోజూ బాగుంటుంది. ఇవి వ్యర్థమని కాదు. ఆ ఉపశమనం ఉన్న సమయాన్ని పడుకోవడానికి వాడుకుంటున్నారా, కదలడానికి వాడుకుంటున్నారా అన్నది తేడా తెస్తుంది. పిక్కలు పట్టేయడానికి విరివిగా వాడే మెగ్నీషియం మాత్రం పెద్దవయసు వారిలో చెప్పుకోదగ్గ మేలు చేయదని వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష తేల్చింది.

కదలిక ఎలా పనిచేస్తుంది

1995లో ఫిన్లాండ్‌లో కొత్తగా నడుము నొప్పి వచ్చిన ఉద్యోగులను మూడు గుంపులు చేసి, ఒకరికి రెండు రోజుల మంచం విశ్రాంతి, ఒకరికి వెన్ను వ్యాయామాలు, ఒకరికి నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకోమన్న సలహా ఇచ్చారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది మూడో గుంపు. తొలి రోజుల్లో గట్టి వ్యాయామం కూడా అవసరం లేదని, అతి విశ్రాంతి నష్టమని ఈ ఫలితం చెబుతుంది.

నొప్పి ముదిరాక లెక్క మారుతుంది, అక్కడ క్రమపద్ధతిలో వ్యాయామం కావాలి. సాగదీయడం వల్ల కండరం పొడవు పెరుగుతుందన్న నమ్మకం ఉంది గాని, కొన్ని వారాల సాధనతో పెరిగేది ఎక్కువగా సాగదీతను ఓర్చుకునే శక్తి. అంటే మారుతున్నది నాడీవ్యవస్థ లెక్క. బలం పెంచే వ్యాయామాల్లో బరువు తక్కువతో మొదలుపెట్టి వారం వారం పెంచుతారు. నొప్పి ఉన్న రోజు పూర్తిగా మానేసి, లేని రోజు మూడింతలు చేసి మర్నాడు మంచం పట్టే అలవాటు దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారిలో చాలా మామూలు. రోజూ ఒకే కొలతకు కట్టుబడి, నెమ్మదిగా పెంచడం దానికి విరుగుడు. ఫలితం కనపడడానికి రోజులు చాలవు, ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. బిళ్ళ గంటలో పనిచేస్తుంది కనుక ఈ పోటీలో వ్యాయామం ఓడిపోతూ ఉంటుంది.

పని చేసే తీరు కూడా చికిత్సలో భాగమే. ‘సరైన భంగిమ’ కోసం వెతకడం కన్నా భంగిమ మార్చడం మేలు; చిన్న పోగుల గుంపులకు కావలసింది సింహాసనం కాదు, మధ్య మధ్య సెలవు. 1920ల్లో ఎడ్మండ్ జేకబ్‌సన్ రూపొందించిన పద్ధతిలో ఒక్కో కండరాన్ని కావాలని బిగించి, తర్వాత వదిలి, ఆ రెండింటి మధ్య తేడాను గుర్తించడం నేర్పుతారు. భుజాలు పైకి లేచి ఉన్నాయని తెలియని వ్యక్తికి వాటిని దించమని చెప్పడం వల్ల ఉపయోగం లేదు కనుక ఈ పద్ధతి తర్కబద్ధం.

వేరే వైపు చూడవలసిన సందర్భాలు

మూత్రం, మలం అదుపు తప్పడం, జననాంగాల చుట్టూ స్పర్శ తగ్గడం, కాలిలో బలం పడిపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఇలాంటివి ఉంటే కండరం పట్టిందన్న ఊహను పక్కన పెట్టాలి. మొదటి రెండూ కనిపిస్తే గంటలు కూడా లెక్కే. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు కూడా కండరాల నొప్పి తేగలవు. రక్తపరీక్షతోనో, మందుల జాబితా చూడడంతోనో బయటపడే వాటిని ఏళ్ళ తరబడి మర్దన చేయించుకున్నవారు ఉన్నారు.

అరుదైనది స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్. 1956లో ఇద్దరు మేయో క్లినిక్ వైద్యులు మొదట వివరించిన ఈ వ్యాధిలో నడుము, పొట్ట కండరాలు కొయ్యలా బిగిసి, చిన్న శబ్దానికే ఒళ్ళంతా పట్టేస్తుంది. చాలామందిలో గాబా తయారీకి కావలసిన ఎంజైమ్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. గాయని సెలిన్ డియోన్ 2022 డిసెంబరులో తన వ్యాధి ఇదని వెల్లడించడంతో ఈ పేరు చాలామందికి తెలిసింది. ఇక్కడ డయాజెపామ్‌కు నిజంగానే పని ఉంది.

అంత అరుదు కానిది పార్కిన్సన్ వ్యాధి. వణుకు కన్నా ముందు కొందరిలో అది ఒక వైపు భుజం నొప్పిగా, బిగుతుగా మొదలవుతుంది, భుజం కీలు పట్టేసిందని చికిత్స జరుగుతుంది. పరీక్ష గదిలో మంచం మీద భుజాన్ని నొక్కి చూసినప్పుడు తెలియనిది, ఆ వ్యక్తిని వరండాలో పది అడుగులు నడవమంటే తెలుస్తుంది: రెండో చేయి ఊగుతూ ఉంటుంది, నొప్పి ఉన్న చేయి ఒంటికి అంటుకుని కదలకుండా వస్తుంది.